500 సైజు డ్రోన్‌కి మోటార్ వైర్లు: లావు పెంచకుండా తేలిన కేసు

ముందు బండి వివరాలు. 500 మి.మీ. ఫ్రేమ్, 920 కేవీ (వోల్ట్‌కి నిమిషానికి 920 చుట్లు) 2216 మోటార్లు నాలుగు, 10 అంగుళాల ప్రాప్‌లు (తిరిగే రెక్కలు), 30 ఆంపియర్ల ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని నడిపే బోర్డులు) నాలుగు, 4ఎస్ (వరసగా నాలుగు సెల్స్) 5200 ఎంఏహెచ్ లిపో బ్యాటరీ ప్యాక్, ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఫ్లైట్ కంట్రోలర్, కింద పొలాల ఫొటోలు తీయడానికి చిన్న కెమెరా. అన్నీ కలిపి ఎగిరే బరువు 1,900 గ్రాములు. గాల్లో నిలబడి ఉన్నప్పుడు మోటారుకి దాదాపు 4.5 ఆంపియర్లు, మొత్తం 18. ఫుల్ థ్రాటిల్‌లో మోటారుకి 18, మొత్తం 72. ఇక ముందు వచ్చే లెక్కలన్నిటికీ ఈ అంకెలే ఆధారం. మీ మోటారుకి వేరే అంకెలుంటే వాటిని పెట్టి చూసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

కట్టింది ఒక విద్యార్థి జట్టు. ఈఎస్‌సీలను చేతుల చివర, మోటార్ల కిందే జిప్ టైతో బిగించారు. ప్రాప్ గాలి తగిలి చల్లగా ఉంటాయన్నది వాళ్ల ఆలోచన. అందులో తప్పేమీ లేదు. అయితే మధ్యలో ఉన్న పవర్ బోర్డు నుంచి ఈఎస్‌సీ దాకా ఎరుపు, నలుపు వైర్లు ఒక్కోటి 22 సెం.మీ. లాగాల్సి వచ్చింది. దానికి "18 గేజ్ సిలికోన్ వైర్" అని అమ్మిన చుట్ట వాడారు (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది). ఎరుపు వైరు చేతికి ఒక పక్కన, నలుపు ఇంకో పక్కన వెళ్లాయి. చూడ్డానికి నీటుగానే ఉంది.

లక్షణాలు మూడు కనిపించాయి. నిలబడి ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. ఒక్కసారిగా పైకి లాగితే మాత్రం వెనక ఎడమ మోటారు క్షణం పాటు తడబడి బండి ఆ మూలకు వాలేది. ఏడెనిమిది నిమిషాలు ఎగిరి దిగాక అదే చేతి ఈఎస్‌సీ కెపాసిటర్ మీద వేలు ఆన్చలేనంత వేడి, పైన మూత కొద్దిగా ఉబ్బి ఉంది. థ్రాటిల్ పెంచినప్పుడల్లా కంపాస్ వేరియన్స్ హెచ్చరిక (దిక్సూచి చెప్పేది మిగతా సెన్సర్లతో కలవట్లేదని) వచ్చేది. జట్టు అప్పటికే ఆ మోటారు మార్చింది, ఈఎస్‌సీ మార్చింది, కంపాస్ క్యాలిబ్రేషన్ మళ్లీ మళ్లీ చేసింది. వైరు వైపు ఎవరూ చూడలేదు. వైరుది ఏముంది, కరెంటు పోతోంది కదా అన్నది చాలామంది ధోరణి.

వైరుని నమ్మకుండా కొలవడం

వైరు మీద అచ్చేసిన గేజ్‌ని ఎప్పుడూ నమ్మకూడదు. మామూలు మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కొలవడమూ దండగే, ఎందుకంటే ఈ వైర్ల నిరోధం మిల్లీఓమ్‌లలో ఉంటుంది, మీటరు ప్రోబుల నిరోధమే అంతకన్నా ఎక్కువ. పని చేసే పద్ధతి ఒకటే. బెంచ్ సప్లైని కాన్‌స్టెంట్ కరెంట్‌లో 5 ఆంపియర్ల దగ్గర పెట్టి, మీటరు కంటే కాస్త పొడవైన వైరు ముక్కలోంచి పంపండి. సప్లై క్లిప్పులకు లోపలి వైపు, సరిగ్గా ఒక మీటరు దూరంలో మల్టీమీటర్ ప్రోబులు ఆన్చి మిల్లీవోల్ట్‌లు చదవండి. దాన్ని 5తో భాగిస్తే మీటరుకి ఎన్ని మిల్లీఓమ్‌లో వచ్చేస్తుంది. క్లిప్పుల దగ్గర పట్టు ఎంత చెడ్డగా ఉన్నా ఈ కొలతకు అంటదు.

18 గేజ్ సిలికోన్ వైరులో 0.08 మి.మీ. రాగి పోగులు 150 ఉంటాయి. అంటే రాగి అడ్డుకోత 0.75 చ.మి.మీ., నిరోధం మీటరుకి 23 మిల్లీఓమ్‌లు. 5 ఆంపియర్ల దగ్గర 115 మిల్లీవోల్ట్‌లు రావాలి. ఈ చుట్టలో మిగిలిన ముక్క 180 దాటింది. పోగుల లెక్క సరిపోయింది, లావూ సరిపోయింది. మరి తేడా ఎక్కడంటే లోహంలోనే. అది రాగి పూత పూసిన అల్యూమినియం.

ఈ నకిలీని ఇంట్లోనే పట్టుకోవచ్చు. సిలికోన్ వైరు పోగుల మీద తగరం పూత ఉంటుంది కాబట్టి పైకి వెండి రంగులోనే కనిపిస్తాయి, రంగు చూసి ఏమీ తేల్చలేం. పోగుల్ని బ్లేడుతో గట్టిగా గీకితే అసలు రాగిలో ఎరుపు తేలి అలాగే ఉంటుంది. నకిలీలో ఎరుపు పొర పోయి మళ్లీ తెలుపు బయటపడుతుంది. ఒక పోగుని లైటర్ మంటలో పెడితే రాగి ఎర్రగా కాలుతుంది, అల్యూమినియం పోగు వంగి, ముడుచుకుని, తెగిపోతుంది. అన్నిటికన్నా తేలిక పరీక్ష తూకం. అసలు 18 గేజ్ సిలికోన్ వైరు మీటరుకి పది గ్రాముల పైచిలుకు తూగుతుంది. నకిలీ ఆరేడు గ్రాములే తూగుతుంది. కొనేటప్పుడు చిన్న డిజిటల్ కాటా జేబులో ఉంటే చాలు.

ఇక్కడ ఆగిపోతే కేసు తేలిపోయినట్టే అనిపిస్తుంది. నకిలీ వైరు దొరికింది, మంచి వైరు, వీలైతే ఇంకాస్త లావుది వేస్తే సరి. కానీ లెక్క ఆ మాట ఒప్పుకోదు. ఈ నకిలీ వైరు రానుపోను 44 సెం.మీ.కి 16 మిల్లీఓమ్‌లు. ఫుల్ థ్రాటిల్‌లో 18 ఆంపియర్లకు పోయేది 0.29 వోల్ట్. 15 వోల్ట్‌ల మీద అది రెండు శాతం. దానికి మోటారు కాస్త నెమ్మదిస్తుందేమో గానీ తడబడదు. పైగా నాలుగు చేతులకూ అదే వైరు, తడబడేది మాత్రం ఒక్క మోటారే.

అందుకని చేయి చేయినీ విడిగా కొలవాలి. 5 ఆంపియర్లు పంపుతూ ఒక్కో అతుకుకి అటూ ఇటూ మూడు సెం.మీ. మేర ప్రోబులు పెడితే మూడు చేతుల్లో 8 నుంచి 10 మిల్లీవోల్ట్‌లు, వెనక ఎడమ చేతిలో 60. ఆ ఒక్క అతుకే 12 మిల్లీఓమ్‌లు, అంటే మొత్తం వైరు నిరోధంలో నాలుగింట మూడు వంతులంత. 18 ఆంపియర్ల దగ్గర వేరుశనగ గింజంత చోట దాదాపు నాలుగు వాట్ల వేడి. ష్రింక్ (అతుకు మీద వేసే, వేడికి ముడుచుకునే తొడుగు) కోసి చూస్తే సోల్డర్ పోగుల పైన గడ్డకట్టి ఉంది గానీ లోపలికి పట్టలేదు. అల్యూమినియం మీద మామూలు సోల్డర్ అంటదు. రాగి పూత పలచగా ఉండి, ఐరన్ ఎక్కువసేపు ఆన్చితే ఆ పూత సోల్డర్‌లో కరిగిపోయి కింద తెల్ల లోహం మిగులుతుంది. ఈ నకిలీ వైరుతో అసలు ప్రమాదం నిరోధం కన్నా ఇదే.

బ్యాటరీ వైపు పొడవు ఎందుకు కుదరదు

అతుకు ఒక సగం. కెపాసిటర్ ఉబ్బడానికి కారణం మిగతా సగం. ఈఎస్‌సీ బ్యాటరీ నుంచి కరెంటుని ధారగా తీసుకోదు. సెకనుకి వేల సార్లు, మామూలుగా 8 నుంచి 48 వేల మధ్య, తెరిచి మూస్తుంది. మూసిన క్షణంలో పొడవాటి వైరులో నడుస్తున్న కరెంటు చటుక్కున ఆగలేదు, వైరు ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) దాన్ని ముందుకు తోస్తుంది. ఆ తోపుని మింగాల్సింది ఈఎస్‌సీ మీదున్న చిన్న కెపాసిటర్. తెరిచిన క్షణంలో మళ్లీ వైరు నుంచి కరెంటు అందేలోపు ఇవ్వాల్సిందీ అదే. వైరు పొడుగయ్యేకొద్దీ, ఎరుపు నలుపు ఒకదానికొకటి దూరం జరిగేకొద్దీ ఇండక్టెన్స్ పెరుగుతుంది, కెపాసిటర్ మీద పని పెరుగుతుంది, అది వేడెక్కి లోపలి ద్రావణం ఆరిపోతుంది. అలా సత్తువ తగ్గిన కెపాసిటర్ దగ్గర వోల్టేజీ ముళ్లలా లేచి పడుతుంది. ఈఎస్‌సీ మాత్రం కరెంటు ఇవ్వని మూడో వైరు మీది వోల్టేజీ చూసి రోటార్ ఎక్కడుందో అంచనా వేస్తుంది. ఆ ముళ్ల మధ్య అంచనా తప్పితే మోటారు లయ తప్పుతుంది. ఒక్కసారిగా పైకి లాగినప్పుడే తడబాటు ఎందుకొస్తోందో ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడే కరెంటు ఎక్కువ, అప్పుడే అతుకు దగ్గర పడిపోయేదీ ఎక్కువ.

వైరు లావు పెంచితే ఇండక్టెన్స్ పెద్దగా తగ్గదన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. 18 బదులు 12 గేజ్ వేసినా ఈ కెపాసిటర్ ఉబ్బేదే. తగ్గించే దారులు రెండు: పొడవు తగ్గించడం, రెండు వైర్లనీ అంటించి మెలిపెట్టడం. రెండూ కుదరని చోట ఈఎస్‌సీ మొదట్లో లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) రకం కెపాసిటర్ అదనంగా పెట్టాలి. ప్రతి 10 సెం.మీ. పొడిగింపుకి 220 మైక్రోఫారడ్లు అన్నది హాబీలో నడిచే వాడుక లెక్క. 4ఎస్‌కి 35 వోల్ట్‌లది తీసుకోండి, 25ది కాదు. నిండు ప్యాక్ 16.8 వోల్ట్‌లే అయినా బ్రేకింగ్ ఉన్న ఈఎస్‌సీలు మోటారు ఆగేటప్పుడు కరెంటుని వెనక్కి తోస్తాయి.

మోటారు వైపు సంగతి వేరు. మోటారు చుట్ల ఇండక్టెన్సే పదుల మైక్రోహెన్రీలు. మనం కలిపే పావు మీటరు వైరుది అందులో లెక్కలోకి రాదు. కాబట్టి ఈఎస్‌సీని మధ్యకు తెచ్చి, పొడవుని మోటారు వైపు మూడు వైర్లకు మార్చడం సరైన దారి.

కంపాస్‌కీ ఇదే మంచిది. ఒంటరి వైరులో 18 ఆంపియర్లు పోతుంటే 10 సెం.మీ. దూరంలో 36 మైక్రోటెస్లాల క్షేత్రం పుడుతుంది. మన తెలుగు ప్రాంతంలో భూమి క్షేత్రమే మొత్తం మీద 40 మైక్రోటెస్లాల చుట్టుపక్కల. ఎరుపు నలుపు పక్కపక్కనే ఉంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, చేతికి చెరో పక్కన ఉంటే అంతగా చేసుకోవు. మోటారు వైపు మూడు వైర్లలో కరెంట్ల మొత్తం ఎప్పుడూ సున్నా, పైగా దిశ సెకనుకి వందల సార్లు తిరగబడుతుంది. కంపాస్‌కి అది సగటున కనపడదు.

మూడు వైర్లకు ఏ గేజ్

చాలామంది చేసేది అమ్మకందారు పట్టీలో ఆంపియర్లు చూసి వైరు ఎంచుకోవడం. ఆ పట్టీల్లో 14 గేజ్‌కి 50 పైన ఆంపియర్లు అని ఉంటుంది. అది సిలికోన్ తొడుగు 200 డిగ్రీలు తట్టుకుంటుందన్న ధైర్యంతో రాసిన అంకె. వైరు కాలిపోదు, నిజమే. బ్యాటరీ శక్తి ఎంత పోతుందో, అతుకు ఎంత వేడెక్కుతుందో ఆ పట్టీ చెప్పదు. పట్టీని పక్కన పెట్టి రెండు లెక్కలు వేయాలి: నిలబడ్డప్పుడు పోయే వాట్లు, ఫుల్ థ్రాటిల్‌లో పుట్టే వేడి.

మొదటి లెక్కలో ఒక మెలిక ఉంది, చాలామంది చూడనిది. నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి మోటారుకి వెళ్లేది 4.5 ఆంపియర్లే అయినా మోటారు వైర్లలో తిరిగేది అంతకన్నా ఎక్కువ. ఈఎస్‌సీ మూసుకున్న కాసేపూ కరెంటు చుట్లలో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి. డ్యూటీ, అంటే ఈఎస్‌సీ తెరిచి ఉంచే సమయం, దాదాపు 55 శాతం అనుకుంటే మోటారు వైపు 8.2 ఆంపియర్లు. నష్టం కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే అదే వైరు బ్యాటరీ వైపు ఉన్నప్పటి కన్నా మోటారు వైపు ఉన్నప్పుడు మూడింతలకు పైగా పోగొడుతుంది. బ్యాటరీ వైపు లెక్కనే ఇక్కడ వాడితే తప్పుతుంది.

చేతికి 24 సెం.మీ. వైర్లు మూడు, నాలుగు చేతులకు కలిపి 2.88 మీటర్లు. ఏ క్షణాన చూసినా మూడింట్లో రెండింట్లోనే కరెంటు నడుస్తుంది, కాబట్టి నష్టానికి చేతికి 48 సెం.మీ. లెక్క. నాలుగు గేజ్‌లకు ఫలితం ఇదీ.

14 గేజ్, 400 పోగులు: వైరు బరువు 76 గ్రాములు, నిలబడ్డప్పుడు నష్టం 1.1 వాట్లు.
16 గేజ్, 252 పోగులు: 51 గ్రాములు, 1.75 వాట్లు.
18 గేజ్, 150 పోగులు: 31 గ్రాములు, 3 వాట్లు.
20 గేజ్, 100 పోగులు: 19 గ్రాములు, 4.4 వాట్లు.

నష్టం ఒక్కటే చూస్తే 14 గెలిచినట్టే. కానీ ప్రతి గ్రామునీ బండి మోయాలి. గాల్లో నిలబడడానికి కావాల్సిన శక్తి బరువు ఒకటిన్నర ఘాతంతో పెరుగుతుంది, అంటే బరువు ఒక శాతం పెరిగితే శక్తి ఒకటిన్నర శాతం. ఈ బండికి నిలబడ్డప్పుడు 274 వాట్లు. 18 నుంచి 16కి వెళితే 20 గ్రాములు పెరుగుతాయి, వాటిని మోయడానికి నాలుగు వాట్ల పైన కావాలి. వైరులో మిగిలేది 1.25 వాట్లు. 14కి వెళితే 45 గ్రాములకు పది వాట్ల దాకా పెట్టి రెండు వాట్లు కూడా మిగలదు. లావు వైరు వేస్తే ఎక్కువసేపు ఎగురుతుందన్న నమ్మకం ఈ సైజు బండిలో తలకిందులు.

మరి 20 ఎందుకు కాదు? ఇదే లెక్కలో 20 గేజ్ ఇంకో వాటు ఆదా చేస్తుంది కూడా. ఇక్కడ రెండో లెక్క అడ్డం వస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో 20 గేజ్ మీటరుకి ఏడు వాట్ల పైన వేడి పుట్టిస్తుంది, సన్నటి వైరు కాబట్టి ఆ వేడి బయటికి పోయే ఒళ్లూ తక్కువ. గాలి ఆడే చోట కూడా పరిసరాల కన్నా 70 డిగ్రీలు పైకి పోవచ్చు. మే నెల ఎండలో 42 డిగ్రీల మీద అది 110 దాటుతుంది. సిలికోన్ ఓర్చుకుంటుంది. పక్కనున్న జిప్ టై, ష్రింక్, ప్లాస్టిక్ చేయి అంతగా ఓర్చుకోవు. 18 గేజ్ అదే ఫుల్ థ్రాటిల్‌లో మీటరుకి 5 వాట్లు, 80 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఈ సైజు మోటార్ల సొంత వైర్లు కూడా సాధారణంగా 18 గేజే ఉంటాయి కాబట్టి అతుకు సమానంగా కూర్చుంటుంది. ఒక వాటు కోసం సన్నది వేసి వణుకుకి తెంపుకోవడం దేనికి? 18 ఖాయం.

బరువు గురించి ఒక్క మాట. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నవి మైక్రో, 2 దాటితే స్మాల్. వ్యాపారానికి కాకుండా ఎగరేసే మైక్రోకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 1,900 గ్రాముల బండికి మోటార్ వైర్లు, బ్యాటరీ వైర్లు, కనెక్టర్లు అన్నీ "ఒక సైజు పైవి" వేసుకుంటూ పోతే ఆ గీత దాటడం ఎంతో దూరం లేదు.

ప్యాక్ నుంచి బోర్డుకి మాత్రం 12

ప్యాక్ నుంచి పవర్ బోర్డుకి వచ్చే రెండు వైర్ల దగ్గర ఇదే పిసినారితనం పనికిరాదు. నాలుగు మోటార్ల కరెంటూ అక్కడే కలుస్తుంది. 72 ఆంపియర్ల దగ్గర 14 గేజ్ రాగి సెకనుకి 6 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, 12 గేజ్ రెండు డిగ్రీల చొప్పున. పది సెకన్లు ఫుల్ థ్రాటిల్‌లో ఉంచితే మొదటిది 60 డిగ్రీలు పైకి, రెండోది 22. పొడవు 10 సెం.మీ. కాబట్టి 14కీ 12కీ బరువు తేడా మూడు నాలుగు గ్రాములే. ఎక్స్‌టీ60 ప్యాక్ కనెక్టర్ గిన్నెలో 12 గేజ్ సరిగ్గా కూర్చుంటుంది కూడా. 10 గేజ్‌ని బలవంతంగా దూర్చితే పోగులు కొన్ని బయట ఉండిపోతాయి, ఉన్న లావు కాస్తా అక్కడే పోతుంది.

దుకాణంలో తికమక

మన ఊళ్లలో ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి గేజ్ అంటే "ఎన్ని స్క్వేర్?" అని అడుగుతారు. ఇంటి వైరింగ్ లెక్క చ.మి.మీ.లలో ఉంటుంది. 1.5 స్క్వేర్ అంటే దగ్గరగా 16 గేజ్, 2.5 అంటే 14కీ 12కీ మధ్యది. కొలత కలిసింది కదా అని ఇంటి వైరు వేయకూడదు. దాని పీవీసీ తొడుగు 70 డిగ్రీలకే, ఐరన్ పెట్టగానే వెనక్కి ముడుచుకుంటుంది. పోగులు లావుగా, కొన్నే ఉంటాయి కాబట్టి వణుకుకి త్వరగా విరుగుతాయి.

మోటార్ రీవైండింగ్ షాపులో గేజ్ అన్న మాటే వినిపిస్తుంది గానీ అది ఎస్‌డబ్ల్యూజీ, బ్రిటిష్ కొలత. డ్రోన్ సామాన్ల మీద ఉండేది ఏడబ్ల్యూజీ, అమెరికన్ కొలత. ఎస్‌డబ్ల్యూజీ 18 వ్యాసం 1.22 మి.మీ., ఏడబ్ల్యూజీ 18 వ్యాసం 1.02. ఎస్‌డబ్ల్యూజీ 16, ఏడబ్ల్యూజీ 14 ఒకటే లావు. అంకె అడగడం మానేసి పోగుల సంఖ్య, పోగు వ్యాసం అడగండి. 150 పోగులు, 0.08 అని చెప్పగలిగిన దుకాణం దగ్గర కొనండి, చెప్పినా సరే ఇంటికొచ్చి తూకం వేయండి.

మళ్లీ కట్టిన తీరు

ఈఎస్‌సీలు నాలుగూ మధ్య పలకల నడుమ నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టారు. చేతుల చివరి గాలి ఇక్కడ ఉండదు కాబట్టి వాటి చుట్టూ చుట్టేసిన ఫోమ్ టేపు తీసేయాలి, పక్కలు తెరిచి ఉంచాలి. ఉబ్బిన కెపాసిటర్ ఉన్న ఈఎస్‌సీని కెపాసిటర్ మార్చి వాడుకోవచ్చు, దానికి వాడిన కాలం తెలియకపోతే పక్కన పడేయడమే మేలు. బ్యాటరీ వైపు వైర్లు ఈఎస్‌సీతో వచ్చిన 16 గేజ్‌వే, 5 సెం.మీ.కి కుదించారు. పవర్ బోర్డు మీద ప్యాక్ వైర్లు కలిసే చోట 470 మైక్రోఫారడ్లు, 35 వోల్ట్‌ల కెపాసిటర్ ఒకటి, కాళ్లు వీలైనంత పొట్టిగా ఉంచి.

మోటారు వైర్లకు 63-37 (తగరం-సీసం పాళ్లు) సోల్డర్, 60 వాట్ల ఐరన్, ఉలి మొన, 350 డిగ్రీలు. రెండు కొనల్నీ విడివిడిగా పూత పెట్టి, 8 నుంచి 10 మి.మీ. మేర పక్కపక్కన ఆన్చి, మూడు సెకన్లలో కలిపేయాలి. అంతలో కలవకపోతే మొన చిన్నదని అర్థం, ఇంకా ఆన్చి ఉంచకండి. ఎంతసేపు ఉంచితే సోల్డర్ పోగుల వెంబడి అంత లోపలికి ఎక్కుతుంది. అది ఎక్కి ఆగిన చోట మెత్తటి వైరు గట్టి కడ్డీగా మారుతుంది. వణుకుకి వైరు విరిగేది అతుకు మధ్యలో కాదు, ఆ అంచు దగ్గరే. అందుకే ష్రింక్‌ని అతుకుకి అటూ ఇటూ ఒక సెం.మీ. దాకా లాగి, ఆ గట్టి భాగమంతా చేతికి కట్టేయాలి. మూడు అతుకులూ ఒకే చోట రాకుండా 15 మి.మీ. చొప్పున వెనకా ముందూ జరపండి. ఒక ష్రింక్ చిరిగినా పక్క వైరు అతుకుని తాకదు.

మూడు వైర్లనీ నాలుగు సెం.మీ.కి ఒక మెలిక చొప్పున వదులుగా మెలిపెట్టి పంపారు. కార్బన్ ఫైబర్ గొట్టం లోంచి పంపేటట్టయితే రంధ్రాల అంచుల్ని సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, వైర్లకు నైలాన్ జాలి తొడుగు వేయండి. సిలికోన్ వేడికి తట్టుకుంటుంది గానీ కోతకు వెన్నలా తెగుతుంది, కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. మోటార్ వైర్లలో ఏ రెండింటి తొడుగు తెగి ఫ్రేముకి తగిలినా ఈఎస్‌సీ పోతుంది.

వరస గురించి కంగారు వద్దు. మూడు వైర్లు ఎలా కలిపినా మోటారు తిరుగుతుంది, దిశ తప్పితే ఏ రెండింటినైనా మార్చండి.

చౌక ఏ2212 మోటార్లు వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. వాటిలో చాలావాటికి బయటికి వచ్చే వైర్లు వేరే వైర్లు కావు, లోపలి చుట్ల కొనలకే తొడుగు వేసి బులెట్ కనెక్టర్ పెడతారు. పొడుగ్గా ఉన్నాయని కత్తిరిస్తే ప్రతి పోగు మీదా ఎనామిల్ పూత ఉంటుంది, సోల్డర్ పైపైన అంటుకుని మోసం చేస్తుంది. కత్తిరించకుండా మడిచి కట్టేయడం మంచిది. తప్పదంటే ఒక్కో పోగునీ విడదీసి బ్లేడుతో రాగి మెరిసేదాకా గీకాలి. ఒక్క పోగు మిగిలినా ఆ వైరు నిరోధం పెరిగి మోటారు మొదలయ్యేటప్పుడు వణుకుతుంది.

ఎగరేసే ముందు చూసినవి

ఒకటి, మూడు ఫేజుల (మోటారు మూడు వైర్ల) సమానత. ఈఎస్‌సీకి కలపకముందే మోటారు వైర్ల కొనల్లో రెండేసి చొప్పున 1 ఆంపియర్ పంపి మిల్లీవోల్ట్‌లు చదవాలి. మూడు జతలూ దగ్గర దగ్గరగా రావాలి. ఐదు శాతం మించి తేడా ఉంటే ఎక్కువ చూపిన రెండు జతల్లోనూ ఉన్న ఉమ్మడి వైరే దోషి, దాని అతుకు విప్పండి. మొదటి కట్టుబడిలో ఈ పరీక్ష చేసి ఉన్నా లాభం ఉండేది కాదనుకోండి, చెడ్డ అతుకు బ్యాటరీ వైపున ఉంది. అందుకే రెండో పరీక్ష: ప్యాక్ కనెక్టర్ నుంచి ఒక్కో ఈఎస్‌సీ ప్యాడ్ దాకా 5 ఆంపియర్లతో నాలుగు చేతులూ కొలిచి పోల్చడం. అంకె ఎంతన్నది అంత ముఖ్యం కాదు. నాలుగింట్లో ఒకటి విడిగా నిలబడితే దాన్ని వదలకండి.

తర్వాత ఆర్డుపైలట్‌లో కంపాస్‌మాట్, అంటే మోటార్ల కరెంటు కంపాస్‌ని ఎంత చెడగొడుతోందో కొలిచే పరీక్ష. ప్రాప్‌లను తిరగేసి, ఒక్కో చేయి పక్కకు జరిపి బిగిస్తే బండిని గాలి నేలకు అదుముతుంది. కట్టేసి నెమ్మదిగా థ్రాటిల్ పెంచాలి. జోక్యం 30 శాతం లోపు ఉంటే మంచిది, 60 దాటితే వైర్లో కంపాసో జరపాల్సిందే. పాత కట్టుబడిలో 60 దాటింది, కొత్తదానిలో 30 లోపుకి వచ్చింది. కంపాస్ ఉన్న జీపీఎస్ కడ్డీని ముట్టుకోలేదు.

మొదటి ఎగురుడు రెండు నిమిషాలు, మోకాలెత్తులో. దించగానే ప్యాక్ విప్పి, ఒక్కో అతుకునీ, ఒక్కో కెపాసిటర్‌నీ వేలితో తాకి చూడాలి. నాలుగు చేతులూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఆ తర్వాతే నిటారుగా లాగే పరీక్ష, ఆ పైన లాగ్‌లో మోటార్ అవుట్‌పుట్‌లు. ఒక చానెల్ మిగతా మూడింటికన్నా పైన నడుస్తుంటే ఆ మోటారు ఎక్కువ అడుగుతోందని, దారిలో ఎక్కడైనా పోతోందేమో చూడాలి.

వేరే సైజులకు ఇదే లెక్క తిప్పి వేసుకోవచ్చు. 5 అంగుళాల రేసింగ్ బండిలో మోటారుకి 40 ఆంపియర్ల దాకా లాగినా సొంత 20 గేజ్ వైర్లే సరిపోతాయి, ఎందుకంటే పొడవు కొద్ది, లాగేది సెకన్ల పాటే, పైన ప్రాప్ గాలి. వాటిని పొడిగించకండి, కోసి పొట్టి చేయండి. అక్కడ డబ్బు పెట్టాల్సింది ప్యాక్ దగ్గరి కెపాసిటర్ మీద: 6ఎస్‌కి కనీసం 35 వోల్ట్‌లది, కుదిరితే 50. ఎఫ్450 ఫ్రేమ్, ఏ2212 మోటార్లు, 3ఎస్ ప్యాక్ కలయికలో మోటారుకి 12 ఆంపియర్ల చుట్టుపక్కల కాబట్టి 18 గేజ్ కావాల్సినంత కన్నా కాస్త ఎక్కువే. అరచేతిలో పట్టే 65 మి.మీ. బుల్లి బండికి మోటారు వైర్ల జోలికే పోవద్దు, ప్యాక్ కనెక్టర్ వైరు 22 గేజ్‌ది పొట్టిగా ఉంటే చాలు.

పది పదిహేను ఎగురుళ్లకోసారి ష్రింక్ చివర్ల దగ్గర వైరుని వేళ్లతో మెల్లగా వంచి చూడండి. ఒక చోట మిగతాచోట్ల కన్నా మెత్తగా వంగితే లోపల పోగులు తెగడం మొదలైనట్టే, ఆ ముక్క కోసేసి కొత్తది వేయాలి.